వంటగట్టు మీది రాయి

హైదరాబాద్‌లో అమీర్‌పేటకూ యూసుఫ్‌గూడకూ మధ్యనున్న మధురానగర్‌లో వంటింటి గ్యాస్ పొయ్యి కింద పరిచిన బండ ఎక్కువగా గ్రానైటే. ఆ కాలనీ నిలబడ్డ నేల కూడా గ్రానైటే. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టలన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. కాళ్ళ కిందే ఉన్న ఈ రాయి వంటింటి గట్టెక్కడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది. అంతకు ముందు ఆ చోట తాండూరు బండ, కడప రాయి, సిమెంటు గచ్చు, మొజాయిక్, తెల్ల టైల్స్ వచ్చి వెళ్ళాయి. ఇప్పుడు గ్రానైట్ పక్కన క్వార్ట్జ్ చోటు చేసుకుంటోంది. ఏ రాయి దొరుకుతుందన్న దాని కంటే పొయ్యి ఏ ఎత్తులో ఉంది, రాయిని కోసే పనిముట్టు ఏది అన్న రెండు విషయాలే ఈ మార్పులను ఎక్కువగా నడిపించాయి.

పాత వంటింట్లో గట్టు అనేదే లేదు. పొయ్యి నేలమీద ఉండేది, వండే మనిషి పీట మీద కూర్చునేది. మూడు రాళ్ళు పెట్టి మట్టి మెత్తి అలికిన పొయ్యి, మిగిలిన సెగతో నీళ్ళు కాగడానికి దాని పక్కన పొంత, పాలు కాగడానికి పిడకల దాలి, అన్నీ కూర్చున్న చోటునుంచి చేతికి అందేవి. కూరగాయలు తరగడం కత్తిపీట మీద. దాన్ని కాలితో తొక్కిపట్టాలి కాబట్టి నిలబడి వాడే వీలు లేదు. పిండి రుబ్బడం, కందులు విసరడం, మసాలా నూరడం నేలమీదే. ఇప్పుడు గట్టు చేసే పనంతా అప్పట్లో వంటింటి నేలే చేసేది. పొద్దున్నే పేడనీళ్ళతో అలికి ముగ్గు పెడితే ఆ నేల మళ్ళీ కొత్తదయ్యేది. నూనె ఒలికితే మట్టి పీల్చుకునేది. పొయ్యి బీటలు వారితే ఇంత ఎర్రమట్టి మెత్తితే సరిపోయేది. మరక పడని రాయి కావాలన్న ఆలోచనకు అక్కడ చోటు లేదు. ఇవాళ్టి మరకను రేపటి అలుకు కప్పేసేది.

అయినా గ్రానైట్ వంటింటికి కొత్త కాదు. రోలు, రుబ్బురోలు, పొత్రం, తిరగలి, సన్నికల్లు ఈ చుట్టుపక్కల ఇళ్ళలో చాలావరకు ఇలాంటి గట్టి రాయితో చెక్కినవే. పెళ్ళిలో వధువు కాలు మోపే సన్నికల్లూ ఆ కోవలోదే. వాటికి కావలసిన గుణం మాత్రం ఇప్పటి గట్టుకు నేరుగా ఎదురు. నూరే రాయి గరుకుగా ఉండాలి. వాడగా వాడగా నునుపెక్కితే పిండి నలగదు. అందుకే ఉలీ సుత్తీ పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు రోళ్ళకూ తిరగళ్ళకూ కక్కు కొట్టి పోయేవారు. రాయి ముఖం మీద సన్నటి గుంటలు వరసగా తొలిచి మళ్ళీ పదును తెచ్చే పని అది. అదే రాయిని ముఖం కనిపించేంత మెరుపు వచ్చేదాకా అరగదీసి దాని మీద వంట సాగించాలన్న ఊహ రావాలంటే, ముందు అలా అరగదీసే యంత్రం రావాలి.

పెద్ద కట్టడాల్లో గ్రానైట్ వాడకం ఈ ఊళ్ళో శతాబ్దాల నాటిది. గోల్కొండ కోట గోడలు, 1591 నాటి చార్మినార్, దాని పక్కనున్న మక్కా మసీదు, 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం అందుకు సాక్ష్యం. అయితే అదంతా దిమ్మెల పని. గ్రానైట్‌లో పొరలుండవు, అందువల్ల పలకలుగా లేవదు. రాళ్ళు కొట్టడం తరతరాలుగా వృత్తిగా ఉన్న వడ్డెరలు బండ మీద గీత గీసి, ఆ గీత వెంట రంధ్రాలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు నిలబెట్టి, సమ్మెటతో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కొక్క దెబ్బే వేస్తూ పోయేవారు. రెండు మూడు విడతలయ్యాక దెబ్బ చప్పుడు మారుతుంది. బండ గీత వెంట విచ్చుకుంటుంది. అలా విడిన ముక్క మందం జానెడో బెత్తెడో ఉంటుంది గానీ అంగుళానికి దిగదు. కాబట్టి జూబ్లీహిల్స్, యూసుఫ్‌గూడల వైపు గుట్టలు పగలగొట్టినప్పుడు ఆ రాయి పునాదులకూ ప్రహరీగోడలకూ కాంక్రీటులో కంకరకూ పోయింది. వంటింటి గోడ కింద గ్రానైట్, నెత్తిన స్లాబులో గ్రానైట్. వంట చేసే చోట మాత్రం వేరే ఊరి రాయి.

ఆ వేరే ఊరి రాయి పేరు నాపరాయి. ఒకప్పటి సముద్రాల అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని రాయైంది కాబట్టి దాన్ని కోయక్కర్లేదు. గనిలో పొరల మధ్య గునపం దూర్చి తిప్పితే బల్లపరుపు బండ దానంతటదే పైకి లేస్తుంది. హైదరాబాద్‌కు దగ్గర్లో ఇది తాండూరులో ఉంది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలుదారి పడింది, తాండూరు ఆ దారిలోనే ఉంది. వాడి దాటాక షాబాద్ వస్తుంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో షాబాద్ మైసూరు రాష్ట్రానికి పోయినా హైదరాబాద్ మేస్త్రీల నోట ఈ బండలన్నీ చాలాకాలం షాబాద్ బండలుగానే ఉండిపోయాయి. తాండూరు బండ రెండు రంగుల్లో దొరుకుతుంది, నీలం కలిసిన బూడిద రంగు, లేత పసుపు. నగరంలో నడవాలు, మెట్లు, స్నానాల గదులు, పెరట్లో బట్టలుతికే చోటు, అన్నింటికీ అదే. ధర తక్కువ, పాదానికి చల్లన, కోతకు సులువు. గట్టుగా వాడినప్పుడు మాత్రం దాని లేత రంగు పసుపునూ కారాన్నీ దాచలేకపోయింది.

ఆ లోటు తీర్చింది కడప రాయి. అదీ సున్నపురాయే, కాకపోతే నలుపు. ఆ ప్రాంతపు శిలల మీద విలియం కింగ్ 1872లో జియలాజికల్ సర్వే తరఫున పెద్ద గ్రంథం ప్రచురించాక కడప పేరు భూగర్భశాస్త్ర పుస్తకాల్లో స్థిరపడింది. ఇటుక, సిమెంటు వ్యాపారంలో ఆ పేరును స్థిరపరచింది మాత్రం ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల్లోంచి లారీలకెక్కిన నల్లబండలు. ఉత్తరాదిలోనూ బొంబాయిలోనూ మేస్త్రీలు ఇప్పటికీ నల్ల షెల్ఫు రాయిని ఒక్కమాటలో 'కడప్పా' అంటారు. జిల్లా ఎక్కడుందో తెలియనివాళ్ళ నోట కూడా ఒక ఊరి పేరు రాయి పేరై తిరగడం అంత మామూలు సంగతేమీ కాదు. కర్నూలు వైపు బేతంచెర్ల కూడా నాపరాళ్ళకు పేరుపడ్డ ఊరే. మొజాయిక్ నేలల్లో పొదిగే రాతి చిప్స్ కూడా అక్కడినుంచి వచ్చేవి.

ఈ బండలను నేల నుంచి నడుమెత్తుకు లేపింది పొయ్యి. కట్టెల పొయ్యి పోయి బొగ్గుల కుంపటి, ఆ తర్వాత పంపు స్టవ్వు, ఒత్తుల కిరోసిన్ స్టవ్వు వచ్చినా వంట ఇంకా నేలమీదే సాగింది, ఎందుకంటే అవి ఎక్కడ పెడితే అక్కడ ఒదిగేవి. గ్యాస్ వాటిలా ఒదగలేదు. ఇండియన్ ఆయిల్ 1965లో కలకత్తాలో మొదటి ఇండేన్ కనెక్షన్ ఇచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో అది నగరాల మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. అందుకే పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలని గ్యాస్ కంపెనీలు నియమం పెట్టాయి. 14.2 కిలోల గ్యాస్ పట్టే సిలిండరు మనిషి మోకాలికి పైనే ఉంటుంది. దాని కంటే ఎత్తులో పొయ్యి అంటే వండే మనిషి లేచి నిలబడాల్సిందే. పీట, కత్తిపీట, కూర్చుని వండే అలవాటు ఒక్కసారిగా వెనక్కి పోవడానికి పెద్ద కారణం ఈ నియమమే. పల్లెలకు ఆ మార్పు ఇంకా ఆలస్యంగా చేరింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాక ఊళ్ళలోనూ పూరిళ్ళ మూలల్లో చిన్న సిమెంటు గట్లు లేచాయి.

గట్టు ఎత్తు 32 నుంచి 34 అంగుళాలు, వెడల్పు రెండడుగులు అనే లెక్క మేస్త్రీల చేతిలో అలా స్థిరపడిపోయింది. రెండడుగులకు కారణం మామూలే: రెండు బర్నర్ల పొయ్యి వెనక గోడకు తగలకూడదు, వెనకున్న డబ్బాకు చెయ్యి అందాలి. గట్టు చాలా ఇళ్ళలో తూర్పు గోడకు వస్తుంది, వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలనీ వండే మనిషి తూర్పు ముఖంగా నిలబడాలనీ వాస్తు చెబుతుంది కాబట్టి. పొయ్యి గట్టెక్కగానే మిగతా పనులూ దాని వెనకే ఎక్కాయి. కత్తిపీట చోటులో చాకూ చెక్కపలకా వచ్చాయి. రోలు చోటులో మిక్సీ, రుబ్బురోలు చోటులో గ్రైండరు. చపాతీలు ఒత్తడం, చేపలు కడగడం, టిఫిన్ డబ్బాలు సర్దడం, పిల్లల పాలసీసాలు మరిగించడం, అన్నీ ఆ ఇరవై చదరపు అడుగుల మీదే. ఒకప్పుడు గదంతా పరుచుకున్న పని ఒక బండ మీదికి చేరింది. అప్పుడుగానీ ఆ బండ ఏ రాయి అన్న ప్రశ్న పుట్టలేదు.

మధురానగర్, వెంగళరావునగర్, సంజీవరెడ్డి నగర్ లాంటి కాలనీల పాత ఇళ్ళలో దానికి తొలి జవాబు కడప రాయి. ఇటుక గోడలు రెండు లేపి వాటి మీద అంగుళం మందం నల్లబండ పడుకోబెట్టి, కింద సిలిండరుకు ఖాళీ వదిలి, మిగతా చోట సగం ఎత్తులో మరో బండతో అర కట్టేవారు. కొత్తలో ముదురు నలుపుతో ముచ్చటగా ఉండేది. నెల తిరిగేసరికి అసలు రంగు బయటపడేది. సున్నపురాయిలో ప్రధానమైనది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే అది కరుగుతుంది. తెలుగు వంటింట్లో పులుపు లేని పూట ఏది? చింతపండు పిసికిన గిన్నె అడుగు, కోసి బోర్లించిన నిమ్మచెక్క, పెరుగు గరిటె, ఒక్కొక్కటి తన ఆకారంలోనే తెల్లటి మచ్చ వదిలేది. మచ్చ అంటే పైన పడ్డ రంగు కాదు, రాయే అక్కడ తినేయబడింది. అందువల్ల ఎంత తోమినా పోదు. ఇల్లాళ్ళు దానికో ఉపాయం కనిపెట్టారు: వారానికోసారి గట్టు తుడిచి, ఆరాక, కొబ్బరినూనె గుడ్డతో రుద్దేవారు. నూనె పట్టిన బండ మళ్ళీ నల్లగా మెరిసేది, రెండు రోజులు. కడప రాయికి మరో జబ్బు పొరలు. ఏ పొరల వల్ల గనిలో సులువుగా లేచిందో ఆ పొరలే గట్టు అంచున పెచ్చులుగా ఊడేవి. రుబ్బురోలు పొత్రం జారిపడినా, సిలిండరు తగిలినా అంచున గవ్వంత పెచ్చు లేచిపోయేది.

కొందరు రాయే వద్దని ఎర్ర గచ్చు పూయించారు. సిమెంటులో ఎర్ర రంగు కలిపి నున్నగా రుద్దిన గచ్చు కుంకుమ రంగులో అందంగా ఉంటుంది గానీ, మంట దగ్గర వెంట్రుకవాసి చీలికలు తప్పవు. మొజాయిక్ గట్లు అక్కడక్కడా వచ్చాయి. తెల్ల గ్లేజ్డ్ టైల్స్ గట్టు మీద పరిచే మోజు కొన్నాళ్ళు నడిచింది. టైలుకు మరక అంటదు, నిజమే, కానీ రెండు టైళ్ళ మధ్య సందులోకి దిగిన పసుపు, మసి ఎప్పటికీ వెళ్ళవు. ఆ టైల్స్ గట్టు దిగి, గట్టు వెనక గోడకు ఎక్కి, అక్కడ హాయిగా స్థిరపడ్డాయి.

పాలరాయి సంగతి ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. అదీ కాల్షియం కార్బొనేటే. కడప రాయి జబ్బులన్నీ దానికున్నాయి, వాటిని దాచే నలుపు లేదు. పూజగదికీ హాలుకూ అది తగిన రాయి.

ఈ మధ్యలో గ్రానైట్‌ను కోసే దారి ఎక్కడో తయారవుతోంది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాల 1954లో కృత్రిమ వజ్రాన్ని తయారు చేసింది. నగకు పనికిరాని ఆ వజ్రపు పొడిని ఇనుప చక్రం అంచున అతికిస్తే గ్రానైట్ సబ్బుబిళ్ళలా తెగుతుంది. ధర తగ్గుతూ ఆ చక్రాలు రాతి పరిశ్రమకు అందాయి. పెద్ద దిమ్మెలను ఒకేసారి అనేక పలకలుగా కోసే గ్యాంగ్‌సాలు పక్కనే వచ్చాయి. గోల్కొండ వజ్రాల పేరు ప్రపంచమంతా మోగిన చోట, గోల్కొండ రాయిని కోయడానికి ఫ్యాక్టరీ వజ్రం రావాల్సి వచ్చింది.

1980లలో ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లరాయి గనులు ఊపందుకున్నాయి. నల్లటి నేల మీద రాగి, బంగారు రంగు మెరుపు చుక్కలున్న ఆ రాయి బ్లాక్ గెలాక్సీ పేరుతో అంతర్జాతీయ విపణిలో పేరు తెచ్చుకుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. శాస్త్రం ప్రకారం ఆ రాయి గ్రానైట్ కానే కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో మెరుగు పట్టే గట్టి రాయి ఏదైనా గ్రానైటే. కరీంనగర్ నుంచి ట్యాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అనే గోధుమ, ఎరుపు రకాలు, ఖమ్మం నుంచి నలుపు, శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచి నీలి రకం వచ్చాయి. కరీంనగర్ దిమ్మెలు రైళ్ళ మీద కాకినాడ రేవుకు, అక్కడినుంచి చైనాకు పోయేవి. దక్షిణ భారతపు నల్లరాయి జపాన్‌లో సమాధి రాళ్ళుగా నిలబడింది, అమెరికా వంటిళ్ళలో గట్లయింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబం తన వంటింట్లో బ్లాక్ గెలాక్సీ మీద ముద్దపప్పు దించుకోవడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

మేలురకం దిమ్మె ఓడెక్కితే, పగులున్నదీ చిన్నదీ రంగు తేడా ఉన్నదీ దేశంలో మిగిలింది. ఆ మిగులే మధురానగర్ గట్టెక్కింది. చీమకుర్తి, ఒంగోలు, తాడిపత్రి చుట్టూ కోత, పాలిష్ యూనిట్లు వెలిశాయి. చిన్న దిమ్మెలను రెండడుగుల వెడల్పున కోసి లారీలకెత్తడం వాటి పని. ఆ వెడల్పు గట్టు వెడల్పుకు సరిగ్గా సరిపోతుంది. గనికి అక్కర్లేని కొలత వంటింటికి అక్కరకొచ్చిన కొలత అయింది. హుస్సేన్‌సాగర్ బుద్ధుడూ ఆ కాలపు గ్రానైట్ పనే. రాయగిరి దగ్గర ఒకే తెల్ల గ్రానైట్ రాతిలో చెక్కిన ఆ విగ్రహం 1990 మార్చిలో నీళ్ళలో మునిగి, 1992 డిసెంబరులో నిలబడింది. నగరవాసులు గ్రానైట్ అన్న మాటను పత్రికల్లో రోజూ చదివింది అప్పుడే కావచ్చు.

గ్రానైట్‌కు వచ్చిన రెండో ఊతం అపార్ట్‌మెంట్లు. ముందు ఈ వైపు జనం పెరిగారు. మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లగా హైదరాబాద్‌కు తరలింది. సారథి స్టూడియో 1950ల నుంచే యూసుఫ్‌గూడ దారిలో ఉంది. 1976లో అన్నపూర్ణ స్టూడియో గుట్టల మీద తెరుచుకుంది. నటులు కొండెక్కితే, కెమెరా, మేకప్, కాస్ట్యూమ్ పనివాళ్ళు, వాళ్ళ వెనక బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, మధురానగర్‌లలో అద్దెకు దిగారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఆ రద్దీని పెంచాయి. 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. విడి ఇళ్ళు ఒక్కొక్కటే బిల్డర్ల చేతికి వెళ్ళి నాలుగైదు అంతస్తులయ్యాయి. బిల్డర్ ఒకేసారి ఇరవై వంటిళ్ళకు గట్టు వేయాలి, అన్నీ ఒకేలా ఉండాలి. ఇంటి ఓనరుకు అద్దెవాళ్ళు మారినా చెడిపోని రాయి కావాలి. రెండింటికీ జవాబు నల్ల గ్రానైటే. అందం చూసి అనే కంటే, మరొకరి ఇంట్లో ఎవరో వాడతారన్న లెక్కతో ఎంచుకున్న రాయి అది. వాస్తు నమ్మేవాళ్ళలో కొందరు వంటింట్లో నలుపు వద్దన్నారు. వాళ్ళ కోసం ఆకుపచ్చ, గోధుమ రకాలు వచ్చాయి.

ఆ ఎంపిక వంటకు కూడా సరిపడింది. గ్రానైట్‌లో ముఖ్యంగా ఉండేవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ మానంలో పలుగురాయి 7, ఫెల్డ్‌స్పార్ 6. వంటింటి చాకు ఐదున్నర దగ్గర, సున్నపురాయిలోని కాల్సైట్ 3. చాకు కడప రాయిని గీస్తుంది, గ్రానైట్‌ను గీయలేదు, పైగా తనే మొద్దుబారుతుంది. పులుపు గ్రానైట్‌ను తినదు. పొయ్యి మీంచి దించిన కడాయిని నేరుగా పెట్టినా తట్టుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. లేతరంగు గ్రానైట్ నూనెను మెల్లగా పీల్చుకుని పొయ్యి పక్కన ముదురు మచ్చగా మారుతుంది, సీలర్ పూస్తేనే ఆగుతుంది. నలుపు చాలని రాయికి రంగు పట్టించి నల్ల గ్రానైట్‌గా అమ్మే మోసమూ ఉంది. దూదిని థిన్నర్‌లో ముంచి రుద్దితే దూది నల్లబడుతుంది. అన్నింటికంటే మామూలు ప్రమాదం సింకు కోసిన చోట. గట్టు ముందు అంచుకూ సింకు రంధ్రానికీ మధ్య రెండు మూడంగుళాల పట్టీయే మిగులుతుంది, బండ విరిగితే అక్కడే విరుగుతుంది. పొయ్యిని గట్టులోకే దించే హాబ్‌లు వచ్చాక అలాంటి బలహీనమైన పట్టీ మరొకటి తయారైంది.

బండ బిగించే రోజు వంటింట్లో జరిగే పని చూస్తే రాయి బరువు అర్థమవుతుంది. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు. పదడుగుల గట్టుకు వంద కిలోలు. లిఫ్టులో పట్టదు. నలుగురు మనుషులు బండను పక్కకు నిలబెట్టి, అంచు కింద గోనె మడత వేసుకుని, మెట్ల మలుపుల దగ్గర ఆగుతూ తెస్తారు. పడుకోబెట్టి మోస్తే తన బరువుకు తానే నడుము విరుగుతుంది. కింద నిలువు కాళ్ళు, అరలు ఇప్పటికీ కడప రాయే. గ్రానైట్ రాకతో అది ఇంట్లోంచి పోలేదు, ఒక మెట్టు దిగి సేవకు నిలబడింది. మేస్త్రీ ఆ కాళ్ళ మీద సిమెంటు ముద్దలు పెట్టి, బండ దించి, రసమట్టం పెట్టి చూస్తాడు. బుడగ అర గీత సింకు వైపు వాలితే సరే అంటాడు. ఒలికిన నీళ్ళు పొయ్యి వైపు రాకూడదు కదా. ముందు అంచును సగం గుండ్రంగా అరగదీస్తారు, లేకపోతే చీరకొంగూ పిల్లల నుదురూ దానికి తగులుతాయి. సింకు కోసం తీసిన చదరపు ముక్కను పారేయరు. కొన్ని ఇళ్ళలో అది చపాతీలు ఒత్తుకునే రాయవుతుంది, కొన్ని ఇళ్ళలో తులసికోట కింద పీటవుతుంది.

2010ల నుంచి ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ కొత్త ఇళ్ళలోనూ, మాడ్యులర్ కిచెన్ చేయించుకున్న మధురానగర్ ఫ్లాట్లలోనూ తెల్లటి క్వార్ట్జ్ కనిపించసాగింది. తెలుగులో దాని ముడిసరుకు పేరు పలుగురాయి, చేలగట్ల మీద తెల్లగా మెరిసే రాయి. దాన్ని పిండి చేసి, నూటికి తొంభై పాళ్ళు దాకా ఉండే ఆ పొడిలో మిగతా పాళ్ళకు రెజిన్, రంగు కలిపి, గాలి తీసేసి, కంపనంతో నొక్కి, వేడికి గట్టిపరిస్తే పలక వస్తుంది. ఈ పద్ధతి ఇటలీలోని బ్రెటన్ సంస్థది. హైదరాబాద్ కేంద్రంగా గ్రానైట్‌తో మొదలైన పోకర్ణ సంస్థ విశాఖ దగ్గర అచ్యుతాపురంలో, తర్వాత రంగారెడ్డి జిల్లా మేకగూడలో ఆ యంత్రాలు పెట్టి పలకలు ఎగుమతి చేస్తోంది. ఇక్కడి గ్రానైట్ కథలాగే దీని కథలోనూ మొదటి గిరాకీ విదేశాలదే.

క్వార్ట్జ్ ఎందుకు నచ్చిందో చెప్పడం కష్టం కాదు. నీళ్ళు పీల్చదు, సీలర్ అక్కర్లేదు, హాలులోకి తెరిచి కట్టే వంటిళ్ళలో తెల్లగా కుదురుగా ఉంటుంది. తెలుగు వంటింట్లో దానికి రెండు చిక్కులు. పసుపు ఒకటి: వెంటనే తుడిస్తే పోతుంది, పొద్దున్నే చూద్దామని వదిలేస్తే తెల్ల గట్టు మీద లేత పసుపు నీడ కొన్నాళ్ళు నిలుస్తుంది. రెండోది వేడి. రాయికి కాదు, రాయిని పట్టి ఉంచిన రెజిన్‌కు. 150 డిగ్రీల సెల్సియస్ దాటితే అది పాడవుతుంది. తాలింపు మూకుడులో నూనె అంతకంటే ఎక్కువే కాగుతుంది. గ్రానైట్ మీద మూకుడు దించే అలవాటు చేతికి ఉన్నంతకాలం క్వార్ట్జ్ మీద గోధుమరంగు వలయం పడే ప్రమాదం ఉంది. అందుకే ఈ ప్రాంతంలో క్వార్ట్జ్ వేయించిన ఇళ్ళలో కొన్ని పొయ్యి ఉన్న గట్టుకు మాత్రం గ్రానైట్ ఉంచుకుంటున్నాయి.

క్వార్ట్జ్ దుమ్ము వేరే సంగతి. గ్రానైట్‌లో స్ఫటిక రూపంలోని సిలికా మూడో వంతు అటూఇటూ ఉంటే, క్వార్ట్జ్ పలకలో తొంభై శాతం దాకా ఉంటుంది. పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బుతో పడిపోయిన యువ కార్మికుల సంఖ్య చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇలాంటి పలకల తయారీ, అమ్మకం, బిగింపులను నిషేధించింది. ఇక్కడ అలాంటి నిషేధం లేదు. నీళ్ళు పోస్తూ కోయడం, మూతికి సరైన మాస్కు కట్టుకోవడం బిగించే మనిషి జాగ్రత్త మీదే ఆధారపడి ఉన్నాయి. అపార్ట్‌మెంటు బాల్కనీలో మూతికి చేతిగుడ్డ కట్టుకుని చేతియంత్రంతో పొడిగా కోసే మేస్త్రీ కనిపించని వీధి మధురానగర్‌లో అరుదు.

ఒకే ఫ్లాటులో ఇప్పుడు ఈ రాళ్ళన్నీ వరసగా చూడవచ్చు. హాలువైపు గట్టుకు క్వార్ట్జ్, పొయ్యి గట్టుకు చీమకుర్తి నలుపు, దాని కింది అరలకు కడప రాయి. వెనక యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన చేపలు కడిగే చోట తాండూరు బండ, దాని మీద గీతలు, సబ్బు మరకలు. ఊరి నుంచి తెచ్చిన రోలు ఆ మూలే ఉంటుంది, ఎక్కువ రోజులు చీపురుకట్టకు ఆనుడుగా, గోంగూర పచ్చడి చేసిన రోజున మాత్రం తన పనిలో.